మత్తు సూది పూర్వకథ

విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిని పోయినను, ఆసుపత్రి మెట్లమీదను, మందుల దుకాణపు అరుగుమీదను, అన్నపు క్యారియరు ఒడిలో పెట్టుకొని కూర్చున్న బంధుజనము లోపలినుండి వచ్చిన ప్రతివానిని అడుగు ప్రశ్న ఒక్కటే: "మత్తు దిగిందా?" కోత యెంత పొడవు, కుట్లెన్ని, తీసినదేమి అనునవి తరువాతి మాటలు. ఈ చిన్న ప్రశ్నలో మనవారు రెండు వేఱువేఱు సంగతులను కలిపి ముడివేసినారు: ఒకటి తెలివి తప్పుట, రెండవది నొప్పి తప్పుట. మత్తు ఎక్కినవానికి నొప్పి యుండదనియు, మత్తు దిగినంతనే నొప్పి మొదలగుననియు మన తలంపు. ఈ ముడి యెట్లు పడినదో, నరములోనికి ఎక్కించు మందులు వచ్చిన పిదప అది పోగుపోగుగా నెట్లు విడిపోవుచు వచ్చినదో, కృష్ణాతీరమున నిలిచి చూచినవానికి కనబడునంత మేర చెప్పవలెనని నా కోరిక.

నొప్పి విషయమున తెలుగువాని నాలుక పేదది కాదు. పంటికి పోటు, పుండునకు సలుపు, కీళ్ళకు తీపు, కడుపునకు శూల, కంటికి మంట, పిక్కకు గుంజు, నడుమునకు కలుక్కుమనుట. ఇన్నింటిపైని బాధ యను మాట యొకటి కలదు. నొప్పి అవయవమునకు సంబంధించినది, బాధ మనిషికి సంబంధించినది. కాలు నొప్పి యందుము గాని కాలు బాధపడుచున్నదని యనము. సంస్కృతమునుండి మనకు దిగిన వేదన యను మాట యింతకంటె విచిత్రమైనది. ఎఱుక అను అర్థముగల 'విద్' ధాతువునుండి పుట్టుటచేత వేదన యనగా మొదట తెలియుటయే. బాధ యను అర్థము దానికి పిమ్మట గట్టిపడినది. భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, అమరావతి స్తూపముల నీడలో ధర్మము చెప్పుకొనిన భిక్షువులకు వేదన యనగా సుఖము, దుఃఖము, రెండును కానిది అను మూడు తెఱగుల అనుభవము. బాణము తగిలిన మూఢుడు రెండు బాణముల దెబ్బ తినును, ఒకటి దేహమున, రెండవది మనస్సున. జ్ఞానికి తగులునది మొదటిది మాత్రమే యని బుద్ధుడు చెప్పినట్లు పాళీ సూత్రములలో నున్నది. ఈ రెండు బాణముల మాటను పాఠకులు కొంచెము జ్ఞాపకముంచుకొందురు గాక. ఇరువదవ శతాబ్దపు వైద్యులు చుట్టు తిరిగి వచ్చి చేరినది ఈ చోటికే.

మన ప్రాచీన శల్యవైద్యులకు ఈ చిక్కు తెలియకపోలేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున శస్త్రకర్మకు ముందు రోగికి ఇష్టమైన భోజనము పెట్టవలెననియు, త్రాగు అలవాటున్నవానికి, నొప్పి కోర్వలేనివానికి తీక్ష్ణమైన మద్యము త్రాపవలెననియు విధించి, అన్నబలముచే మూర్ఛపోడనియు, మత్తుచే శస్త్రమును ఎఱుగడనియు కారణము చెప్పబడినది. నొప్పి పోవునని చెప్పలేదు, ఎఱుగడని చెప్పినారు. మూఢగర్భము, ఉదరము, మూలవ్యాధి, అశ్మరి మొదలైనవాటికి మాత్రము కడుపు ఖాళీగా నుండవలెనని మినహాయించినారు. నేడు ముందునాటి రాత్రినుండి పస్తుంచి, ఉదయపు కాఫీ చుక్కకైనను ఒప్పుకొనని మత్తు డాక్టర్లు సుశ్రుతుని భోజనవిధిని చూచిన నవ్వుదురు గాని, ఆ మినహాయింపును చూచి తల యూపుదురు. బల్లాలుని భోజప్రబంధమున ఒక కథ యున్నది. స్నానము చేయుచుండగా భోజరాజు తలలోనికి చిన్న చేపపిల్ల దూరి వేధింపగా, అశ్వినీదేవతలు వైద్యుల వేషమున వచ్చి, మోహచూర్ణముతో రాజును తెలివి తప్పించి, కపాలము తెఱచి చేపను తీసి, మరల అతికించి, సంజీవనితో మేల్కొల్పిరట. చేప మాట యటుండనిండు. పుఱ్ఱె తెఱచుటకు రాజు నిద్రింపవలెనని కథ చెప్పినవాడు నిస్సందేహముగా నమ్మినాడు. ఆ నమ్మకము మన కాలమున, మన కృష్ణయొడ్డుననే తలక్రిందులైనది. దాని సంగతి చివర వచ్చును.

ఊళ్ళలో జరిగినది వేఱు. గడ్డ కోయువాడు మంగలి, కాన్పు చేయునది ఆ యింటి ఆడుది. విఱిగిన యెముకకు కట్టు, పట్టిన నడుమునకు వాత. సాధనములు మోహచూర్ణము కాదు, తాటికల్లు, నల్లమందు, నలుగురు బలవంతులు. నల్లమందు ఉద్దగింజంత నాకించి పసిబిడ్డను నిద్రబుచ్చి కూలికి పోయిన తల్లుల సంగతి పెద్దవారు చెప్పగా విన్నదే. దీనికంటె నాకు ముచ్చటైనది మందులేని మందు. చెవులు కుట్టు నాడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చుండును, నోటిలో బెల్లపు ముక్క పెట్టుదురు, బయట మేళము వాయింతురు, కంసాలి బంగారు తీగను కన్ను మూసి తెఱచునంతలో దూర్చును. పచ్చబొట్టు పొడుచు ఎఱుకలసాని అయిదు సూదులు కలిపి కట్టి పొడుచుచు, పొడిపించుకొను పిల్లకు రానున్న మగని గూర్చియు, పుట్టబోవు కొడుకుల గూర్చియు విరామము లేకుండ చెప్పుచు, మధ్య మధ్య పాడుచునుండెడిది. తీపి రుచి పసిబిడ్డల నొప్పిని తగ్గించునని నేటి పిల్లల వైద్యులు పరీక్షించి, సూది వేయుటకు ముందు నాలుకపై చక్కెరనీరు వేయుచున్నారు. ఎఱుకలసాని చేసినదానికి కూడ వారియొద్ద పెద్ద పేరొకటి ఉన్నది: మనస్సును మఱల్చుట.

1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీని బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఈథరు పీల్పించి ఒకనిని తెలివి తప్పింపగా, మెడమీద కంతిని నొప్పిలేకుండ కోసిరి. ఆరు నెలలు నిండకమున్నే, 1847 మార్చి 22వ తేదీని, ఆ యావిరి కలకత్తాకు చేరినది. అదే సంవత్సరము నవంబరులో ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. త్వరగా ఆవిరియగు స్వభావము, మండు స్వభావముగల ఈథరు మన ఎండలకు పనికిరాదు. క్లోరోఫారము మండదు, చుక్కలు చాలును, వాసన తియ్యనిది. కావున హిందూదేశమున అదియే నెగ్గినది. కాని అది అప్పుడప్పుడు బలమైన మనుష్యులను బల్లమీదనే పొట్టనబెట్టుకొనెడిది. ఎందుకో తేల్చుటకు లోకమంతటిలో ముందుకు వచ్చినది తెలుగుదేశపు నగరమే యనుట మనలో పెక్కురెఱుగరు.

హైదరాబాదున రెసిడెన్సీ సర్జనుగను, వైద్యపాఠశాలకు అధిపతిగను ఉండిన ఎడ్వర్డు లారీ, ఎడింబరోలో సైము అను శస్త్రవైద్యుని శిష్యుడు. క్లోరోఫారము సరిగా నిచ్చిన ఎవరినీ చంపదని ప్రాణమిచ్చి నమ్మినవాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను ధనసహాయముతో 1888లో ఒక విచారణ సంఘము, దానిని లండను వైద్యపత్రిక 'లాన్సెట్' శంకింపగా 1889లో రెండవ సంఘము కూర్చుండెను. నిజాము ఆ పత్రిక ప్రతినిధికై వేయి పౌనులు పంపగా సర్ థామస్ లాడర్ బ్రంటను స్వయముగా ఓడయెక్కి వచ్చెను. వందలకొలది కుక్కలు, కోతులు ఆ పరీక్షలలో ప్రాణములు విడిచినవి. గుండె ముందు ఆగదు, ఊపిరి ముందు ఆగును. కావున నాడి పట్టుకొని కూర్చుండక శ్వాసను కనిపెట్టవలెనని వారు తేల్చిరి. 1911లో లండనున లీవీ యనునతడు పిల్లులపై పరీక్షించి, చాలీచాలని క్లోరోఫారము గుండెనే దడదడలాడించి ఆపగలదని చూపుటతో లారీ సిద్ధాంతము సగము కూలినది. కూలని సగము, ఊపిరిని చూచుచుండుమన్నమాట, నేటికిని ప్రతి మత్తు డాక్టరు మొదటి పాఠము. ఆ సంఘము పనిచేసిన కాలముననే అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో క్లోరోఫారమిచ్చిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీని లోకమున మొదటి మహిళా మత్తు వైద్యురాలుగా నేడు చెప్పుకొనుచున్నారు. లారీ పేరు విన్నవారిలో పదవవంతైనను ఆమె పేరు వినలేదు.

డెల్టాకు ఈ విద్య క్రైస్తవ మిషనులద్వారమున, జిల్లా ఆసుపత్రులద్వారమున దిగినది. 1855 నాటికి సీతానగరమునకు ఇంద్రకీలాద్రికి నడుమ ఆనకట్ట నిలిచి కాలువలు పాఱుటతో ఊళ్ళు పెరిగినవి, పడవలు తిరిగినవి, డబ్బు ఆడినది. 1883లో అమెరికానుండి గుంటూరు చేరిన డాక్టరు అన్నా సారా కుగ్లరు మొదట ఇంటింటికి తిరిగి, పిదప మందులిచ్చు శాల నడపి, 1898లో స్త్రీలకు పిల్లలకు ఆసుపత్రి తెఱచెను. అది నేటికిని ఆమె పేరనే యున్నది. మగవైద్యుని చేయి తగులుటకంటె చావు మేలనుకొన్న ఘోషా కుటుంబముల ఆడువారు ఒక ఆడుదాని యెదుట, ఆమె చేతి గుడ్డ ముక్కుపై ఉండగా, కన్ను మూయుటకు ఒప్పుకొనిరి. మద్రాసులో ఎం.బి.సి.ఎం. పట్టము పొంది 1906లో బందరున వైద్యము మొదలుపెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు సుమారు పదేండ్లకు ఆ వృత్తిని విడిచి దేశము మీద పడినారు. గుంటూరున వైద్యకళాశాల 1946లోను, విజయవాడలో సిద్ధార్థ వైద్యకళాశాల 1980లోను వెలసినవి.

ఆ క్లోరోఫారము నాటి శస్త్రచికిత్సను ఊహించుకొనుడు: తీగల జాలిముసుగు ముక్కుమీద, దానిపై మడత గుడ్డ, దానిపై చుక్కచుక్కగా మందు, రోగి అంకెలు లెక్కపెట్టుచు ఎక్కడనో తడబడును, కాళ్ళు తన్నును, ఇద్దఱు పట్టుకొందురు, పిదప సద్దుమణగును. కదలిక ఆగువఱకు పీల్పించుట, ఊపిరి ఆగకమున్నే ఆపుట. ఈ రెంటి నడుమ సన్నని దారి. ఈ దారిలో తెలివిపోవుట, నొప్పిపోవుట, కదలికపోవుట ఒక్క చుక్క పెంపుతో ఒకదానివెనుక నొకటి వచ్చుచుండుటచే, చూచువారికి మూడును ఒక్కటే అనిపించినవి. మూడింటికి కలిపి మనవారు పెట్టిన పేరు మత్తు. తప్పు వారిది కాదు. ఆ మందు అట్టిది.

నరములోనికి మందెక్కించు తలంపు ఈథరుకంటె పాతది. 1656లో ఆక్స్‌ఫర్డున క్రిస్టఫర్ రెన్, తరువాత లండనులో గొప్ప దేవాలయము కట్టిన శిల్పియే, పక్షియీకను సూదిగను, జంతువు మూత్రాశయమును బుడ్డిగను చేసి, ఒక కుక్క సిరలోనికి నల్లమందు కలిపిన ద్రవము నెక్కించెను. కుక్క మత్తిల్లి, పిదప బ్రతికినది. సరియైన బోలుసూది రెండు వందల యేండ్ల తరువాత గాని రాలేదు. 1874లో ఫ్రాన్సున బోర్డో నగరపు ఓరే యను వైద్యుడు క్లోరల్ హైడ్రేటు అను మందును మనుష్యుని సిరలోనికే ఎక్కించి కోత కోయించెను. తోడివారు భయపడిరి, ఒకసారి లోపలికి పోయినదానిని మరల ఊపిరితో బయటికి తెప్పించుట సాధ్యము కాదు గదా! ఇక్కడ మన భాషలోని తమాషా యొకటి చెప్పి తీరవలెను. సిరను నరమందుము, నాడీతంతువును నరమందుము. నరానికి సూది వేసిరన్నను, నరము నొక్కుకొన్నదన్నను మాట ఒకటే, అవయవములు వేఱు. రోగికి డాక్టరునకు నడుమ సగము అపోహలు ఈ మాటవలననే పుట్టుచున్నవని నా అనుమానము.

1934వ సంవత్సరము మార్చి 8వ తేదీని అమెరికాలో మాడిసను నగరమున రాల్ఫ్ వాటర్సు థయోపెంటోను అను మందును మొదటిసారి మనుష్యునికి సూదిగా నిచ్చెను. జూనులో మేయో వైద్యాలయమున లండీ మొదలుపెట్టెను. పచ్చని పొడి, చిన్న సీసా, నీటిలో కలిపి మోచేతి మడతలోని నరమునకు ఎక్కించిన, మనిషి నోట వెల్లుల్లి రుచి వచ్చినదని చెప్పునంతలో నిద్ర. ముసుగు లేదు, తన్నులాట లేదు. పెంటోథాలు అను పేరున మన పెద్దాసుపత్రులకు ఇది వచ్చినప్పుడు చూచినవారికి ఇంద్రజాలమువలె తోచియుండును. కాని శస్త్రవైద్యులు త్వరలోనే ఒక వింత గమనించిరి. హాయిగా గుఱ్ఱుపెట్టుచున్న మనిషి, కత్తి తగులగనే చేయి వెనుకకు లాగుకొనును, మొగము చిట్లించును, నాడి పరుగెత్తును. మందు పెంచిన కదలిక ఆగును గాని ఊపిరియు ఆగును. ఇది నిద్ర, నొప్పి మందు కాదు.

1960లో జాన్ డండీ ఈ సంగతిని తూచి చూచెను. ఉత్తర ఐర్లండులో పుట్టి బెల్‌ఫాస్టున ఆచార్యుడైన ఈ వైద్యుడు ఎంచుకొన్న త్రాసు మోకాలి క్రింది ముందరి యెముక. బల్లకోడు తగిలిన అందఱికిని దాని మహిమ తెలిసినదే. ఆ యెముకపై కొలత ప్రకారము ఒత్తిడి పెట్టుచు, ఎంత ఒత్తిడికి మనిషి ఓర్వలేక చెప్పునో, కాలు లాగుకొనునో లెక్కించెను. కొద్దిపాటి థయోపెంటోను ఇచ్చి మగతలో ఉంచినవారు, మందు లేనప్పటికంటె తక్కువ ఒత్తిడికే నొప్పియని కాలు లాగుకొనిరి. నొప్పిని తగ్గింపకపోవుట యటుంచి, చిన్న మోతాదున ఆ మందు నొప్పిని పెంచినది! మత్తుమందులో నొప్పికి వ్యతిరేకము కాక, నొప్పి మందునకే వ్యతిరేకమైన గుణముండుట వినుటకే విపరీతము. ఆ గుణము లోతు నిద్రలో కనబడదు, తేలికపాటి మగతలోనే బయటపడును.

దీనిని డెల్టా మనిషికి చెప్పుటకు శరీరశాస్త్రముకంటె కాలువ మేలు. కాలిమీద కోత పడినచోటినుండి వెన్నుదాక, వెన్నునుండి మెదడుదాక నొప్పి కబురు నీటివలె పాఱుచుండును. 1965లో మెల్జాకు, వాల్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు వెన్నులో ఈ కబురునకు తలుపున్నదనియు, అది పైనుండి వచ్చు ఆజ్ఞలచే తెఱచుకొనుచు మూసికొనుచు ఉండుననియు చెప్పిరి. కృష్ణకాలువల లాకులను చూచి పెరిగినవానికి ఆ సిద్ధాంతము కొత్తగా తోచదు. కోతచోట తిమ్మిరి మందు వేయుట పొలము తూము మూయుట. వెన్నులో సూది వేయుట కాలువ లాకునే దించుట. మార్ఫిను జాతి మందులు లాకునొద్దను, హెడ్‌వర్క్సునొద్దను నీటిని తగ్గించును. థయోపెంటోను వంటి నిద్రమందు చేయునది వేఱు: అది కాలువ కాపలా కాయు లస్కరును నిద్రబుచ్చును. నీరు ఆగలేదు. పొలము మునుగుచునే యున్నది. కబురు చెప్పువాడు లేడు, అంతే. ఇక లస్కరు పూర్తిగా నిద్రింపక తూగుచున్నాడనుకొనుడు. అప్పుడప్పుడు తలుపు దించి నీటిని అదుపున పెట్టు అతని చేయి సడలును, కాని పొలము మునిగిన చల్లదనము కాళ్ళకు తగిలినప్పుడు ఉలికిపడి కేక వేయును. డండీ చూచినది ఈ కేకయే యని నేను తలతును.

1963లో డయాజిపాము వచ్చినది. కాంపోజు అను పేరున మన ఊళ్ళలో దానినెఱుగని ఇల్లు లేదు. తరువాత దశాబ్దమున పుట్టిన మిడజోలాము సూదికి మరింత అనువైనది. ఈ వంశపు మందులకు భయము తగ్గించుట, తూగించుట, మఱపించుట అను మూడు విద్యలు వచ్చును. నొప్పి తగ్గించు విద్య స్వయముగా లేదు. ఇందు మూడవదే చిక్కైనది. భుజము కీలు తప్పినవానికి ఈ సూది వేసి ఎముకను చోటికి త్రోసినప్పుడు అతడు బొబ్బపెట్టును, తిట్టును, చేయి లాగుకొనును, అరగంటకు లేచి కూర్చుండి, "ఏమీ తెలియలేదండీ, అయిపోయిందా?" అని అడుగును. ఆ అరుపు విన్న వరండాలోని భార్య అతని మాట నమ్మలేదు. ఎవరిది నిజము? జ్ఞాపకములేని నొప్పి నొప్పియేనా? ఎఱుకయే వేదన యన్న మన ధాతువును పట్టుకొని వాదించిన, ఆ క్షణమున ఎఱుక యున్నది గావున వేదనయు ఉన్నదనవలెను; మఱునాడు లేనంత మాత్రమున నిన్నటిది రద్దు కాదు. జాగ్రత్తగల వైద్యుడు మఱపును నొప్పిమందునకు బదులుగా వాడడు, ఒకదాని ప్రక్కన మఱియొకదానిని ఉంచును. ఒక్క కాంపోజు సూదితో పని కానిచ్చివేసిన సందర్భములు మన ఊళ్ళలో లేకపోలేదు. మఱపు ఆ వైద్యులను చాల కాపాడినది.

దీనికి నేరుగా ఎదురుగా నిలుచునవి మార్ఫిను, పెథిడిను, మన ఆసుపత్రుల ఫోర్ట్‌విను, నేటి ఫెంటనిలు. వీనిని ఇచ్చిన మనిషి మేలుకొనియే యుండవచ్చును. బందరు ప్రక్క పల్లెలో తుంటి యెముక విఱిగి విజయవాడకు తెచ్చిన మా పెద్దమ్మ, సూది పడిన కొంతసేపటికి నేనడుగగా చెప్పిన మాటను మించిన వివరణము నేను ఏ గ్రంథమునను చదువలేదు: "నొప్పి తెలుస్తానే ఉందిరా అబ్బాయ్. కాకపోతే అది నాది కానట్టుంది, పక్కింటోళ్ళ గొడవలాగుంది." మొదటి బాణము తగిలినది, రెండవది తప్పినది! నొప్పికి చోటు, తీవ్రత చెప్పు భాగమొకటి, ఓర్వరానిదను భాగమొకటి వేఱువేఱుగా నుండునని మెల్జాకు, కేసీ అనువారు 1968లో వ్రాసిరి. మా పెద్దమ్మకు వారి పేర్లు తెలియవు, వారికి పక్కింటివాళ్ళ గొడవ తెలియదు.

చిన్న పట్టణముల నర్సింగుహోములను నిజముగా నిలువబెట్టినది కెటమిను. 1962లో అమెరికాలో కాల్విను స్టీవెన్సు దీనిని తయారుచేసెను. 1964లో డొమినో, కోర్సెను మనుష్యులపై పరీక్షించిరి. 1970లో అంగీకారము వచ్చెను. దీని క్రింద మనిషి నిద్రపోయినట్లుండడు. కన్నులు తెఱచి, అటునిటు నెమ్మదిగా కదుపుచు, ఎక్కడనో చూచుచుండును; కోసినను ఉలకడు. ఊపిరి ఆగదు, రక్తపు పోటు పడిపోదు. ప్రాణవాయువు యంత్రము లేని చోట, కరెంటు పోయిన చోట, ఒకే డాక్టరున్న చోట దీనివంటి ఆప్తుడు లేడు. దానికి తగిన బిరుదును, దేహమునుండి తెగిపోయిన స్థితి యను అర్థముగలదానిని, డొమినో భార్య సూచించినదట. తెగిపోయినవారు ఎక్కడ తిరిగి వచ్చెదరో వారికే యెఱుక: గాలిలో తేలితిమనువారు, చచ్చిన తాతను చూచితిమనువారు, లేచుచు లేచుచు ఎవరినో తిట్టువారు. చీకటిగది, నెమ్మదిమాట, తోడుగా కొంచెము కాంపోజు జాతి మందు ఉన్నయెడల ఆ కలవరము తగ్గును. ఇక్కడ మన పాత ముడి పూర్తిగా తిరగబడినదని గమనింపుడు: థయోపెంటోనున నిద్ర యున్నది, నొప్పిమాన్పు లేదు; కెటమినున నొప్పిమాన్పున్నది, నిద్ర లేదు. రెంటిని మనము మత్తనియే అనుచున్నాము.

నేడు పెంటోథాలు వాడుక చాల తగ్గినది. దాని స్థానమున కూర్చున్న ప్రొపోఫాలును ఇంగ్లండున ఐ.సి.ఐ. సంస్థలో పశువైద్యుడైన గ్లెన్ 1970 దశకమున సాధించెను. 1986లో అంగడికి వచ్చెను. 2018లో ఆయనకు లాస్కరు బహుమానము దక్కెను. అది నీట కరగదు. సోయానూనెలో, గ్రుడ్డు లెసిథినుతో చిలికి ఎక్కింతురు గావున చూచుటకు పాలవలె నుండును. కడుపు పరీక్షకై ఒక ఆసుపత్రిలో నేను బల్లయెక్కినప్పుడు, "కొంచెం మంటగా ఉంటుందండీ" అని మత్తు డాక్టరు చెప్పినంతలో చేతినరము వెంబడి నిప్పు ప్రాకినట్లైనది. నిద్ర తెచ్చు మందు ముందుగా నొప్పి తెచ్చుట నాకు పరిహాసముగా తోచినది. నవ్వుటకు వ్యవధి లేదు. ప్రొపోఫాలుకును మోతాదు నిండిన లోతునిద్ర వేఱు, కోతకు విరుగుడు వేఱు. అందుచేత దానితోడ ఫెంటనిలో, తిమ్మిరి సూదియో జతచేయుదురు. డెక్స్‌మెడిటోమిడిను అను మఱియొక మందు 1999లో అమెరికాలో అంగీకారము పొందినది. దాని క్రింద పిలిచిన పలుకును, పిలువనిచో తూగును, ఊపిరి తగ్గదు, నొప్పిమందు అవసరము కొంత తగ్గును. ఇది లస్కరును గట్టుమీద కునుకు తీయించి, కేక వేయగనే లేపునట్టిది.

ఇట్టి మందులవల్లనే ఇంతకుముందు భోజునితో పాటు మూసియుంచిన కథను తెఱువవచ్చును. మెదడునకు నొప్పి తెలియదు. అన్ని అవయవముల నొప్పిని ఎఱుగు మెదడు తన్ను కోసినను ఎఱుగదు. మాంట్రియలున వైల్డర్ పెన్‌ఫీల్డు రోగులను మేల్కొల్పియే మెదడుపై పనిచేసి, ఏ చోట తాకిన ఏ వ్రేలు కదలునో, ఏ మాట నిలుచునో పటము గీసినాడు. నొప్పి తెలియునవి నెత్తి చర్మము, పుఱ్ఱెను అంటిన పొర. నెత్తిచుట్టు నరములకు తిమ్మిరిమందు వేసి ఆ తూములు మూసిన, లస్కరును నిద్రబుచ్చనక్కఱలేదు. కాస్త తూగించి, కావలసినప్పుడు లేపవచ్చును. కంతి, మాటకు చేతికి సంబంధించిన చోటి ప్రక్క నున్నప్పుడు లేపుట సౌకర్యము కాదు, ఆవశ్యకము. మాట తడబడిన మఱుక్షణమున కత్తి ఆపవలెను గదా.

2017లో నర్సు వృత్తిలోనున్న ఒక స్త్రీకి గుంటూరున ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇట్టి చికిత్స జరిగినది. తల తెఱచి కంతి తీయుచుండగా ఆమె యెదుట 'బాహుబలి' చిత్రము ఆడించిరి. ఆమె చూచుచు, పాటలకు కూనిరాగము తీయుచు ఉండెనని పత్రికలు వ్రాసినవి. 2020లో అదే గుంటూరున మఱియొక రోగి యెదుట 'బిగ్ బాస్', 'అవతార్' ఆడినవి. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఇంకొక స్త్రీ 'అదుర్స్' హాస్యసన్నివేశములు చూచుచుండగా కంతి తీసిరి. వీనిని వింతవార్తలుగా అచ్చువేసి నవ్వుకొన్నారు మనవారు. సినిమా పిచ్చి ముదిరినదన్నవారు కూడ కలరు. నాకు మాత్రము ఎఱుకలసాని జ్ఞాపకము వచ్చినది: సూది పొడుచుచు, కబుర్లు చెప్పుచు, పిల్ల ముఖమునే చూచుచు, ఎక్కడ చిట్లించిన అక్కడ ఆపుచు. గుంటూరు వైద్యులు ఆ ముఖమునకు తెర యొకటి జోడించిరి, చూచుట మానలేదు. లోపల మాహిష్మతి సేనలు కలియబడుచుండగా, బయట వరండాలో క్యారియరు ఒడిలో పెట్టుకొని కూర్చున్న బంధువెవరైనను, వచ్చిన నర్సును అలవాటు చొప్పున "మత్తు దిగిందా?" యని అడిగియే యుండును.